నిండుకుంది

డాక్టర్ మందాకినికి మనుషుల మీద గౌరవం తక్కువ. మనుషుల్లోంచి కోసి తీసిన ముక్కల మీద మాత్రం అపారమైన మర్యాద. ముక్క అబద్ధమాడదు. ముక్క శాలువా కప్పించుకోదు. ముక్క వేదికనెక్కి జ్యోతి వెలిగించదు. ఫార్మలిన్‌లో మునిగి, మైనంలో గడ్డకట్టి, వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన తెగి, గాజుపలక మీద ఊదా గులాబీ రంగులు పూసుకుని, అడిగినదానికి అడిగినంత జవాబు చెబుతుంది. కాకినాడ ఉదరవ్యాధుల పరిశోధనాలయంలో పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆ ముక్కలతోనే మాట్లాడుతోంది. మనుషులు మాట్లాడడానికి వస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంది, అవతలివాళ్ళు కాస్త మసకగా కనబడతారని.

ఆ ఉదయం మసకగా కనబడుతున్నది మరిది కౌస్తుభ. భర్తకు పదకొండేళ్ళు చిన్న తమ్ముడు. ఆరో ఏట ఉత్తరాది హాస్టలుకు వెళ్ళి, ముప్ఫై రెండో ఏట పరిశోధకుడై తిరిగివచ్చినవాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు. అతని తెలుగు ఇస్త్రీ చొక్కా లాంటిది; ముడత ఉండదు, చెమట వాసనా ఉండదు.

అతను అరచెయ్యి చాచి చూపించాడు. అందులో ఎర్రటి గింజ ఒకటి, కొనన నల్లటి చుక్కతో.

"పేరు పెట్టేశాం వదినా. గురివింద."

"బాగుంది. తన నలుపు తానెరగదన్నమాట."

"సామెత నాకూ తెలుసులే. అందుకే పెట్టాం. ఇది ఎదుటివాళ్ళ నలుపు చూస్తుంది. దీని ఉద్యోగమే అది."

మందాకిని కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకుంది.

గింజను మింగితే ఏడెనిమిది గంటల్లో పెద్దపేగు మొదటికి చేరి, అపెండిక్స్ అనే ఆ చిటికెనవేలంత తోక నోటి దగ్గర అతుక్కుంటుంది. ఎర్ర వైపు రుచి చూసి, వాపు తెచ్చినది ఏ క్రిమో చెబుతుంది: చీము పట్టించే సూక్ష్మజీవా, తట్టు వంటి వైరస్సా, నులిపురుగా, అమీబానా, క్షయా అని. నల్ల వైపు గోడను వింటుంది. రక్తంలోని తెల్లకణాలు పొర వెనక పొర మీద దండెత్తుతుంటే గోడలో ఒక సన్నని సవ్వడి పుడుతుందని, ఏ పొర దాకా వాపు దిగిందో ఆ సవ్వడి ఎత్తుపల్లాల్లో తెలుస్తుందని కౌస్తుభ కనిపెట్టాడు. అది నిజంగా కనిపెట్టడమే. మందాకిని కూడా లోలోపల ఒప్పుకుంది. పైకి ఒప్పుకుందామంటే అతను మరిది.

"వైరస్ అయితే ఊరుకోవచ్చు, పురుగైతే పురుగుమందు, సూక్ష్మజీవి అయితే దానికి సరిపడే మందు," అన్నాడు కౌస్తుభ. "గోడ చివికిపోతుంటే మాత్రమే కత్తి. నూటికి డెబ్భై మందికి పొట్ట కొయ్యక్కర్లేదు వదినా."

"నీకు వినడం ఎవరు నేర్పారు, దీనికి వినడం ఎవరు నేర్పారు?"

"నాకు నువ్వు. దీనికి గవర్రాజు గారు."

గవర్రాజు ఆ ప్రయోగశాలలో ముక్కలు కోసే మనిషి. ఆపరేషను గదిలోంచి అపెండిక్స్ ఇంకా వెచ్చగా ఉండగానే ఆయన బల్ల మీదకు వస్తుంది. పక్కన గింజ పెడతారు. గింజ విన్నది యంత్రం రాసుకుంటుంది. ముక్క ఎలా ఉందో గవర్రాజు తన రిజిస్టరులో తెలుగులో రాస్తాడు. రెండు రాతలూ జతపరచి యంత్రానికి చదువు చెబుతారు. రెండేళ్ళలో పద్నాలుగు వందల ముక్కల చదువు అయింది. మందాకిని ఇంగ్లీషులో టైపు చేసే నివేదికలు కౌస్తుభ అడగలేదు. తెర మీద వచ్చే మాట రోగి తానే చదువుకోవాలనీ, అది ఈ ఊరి మాట అయి ఉండాలనీ అతని పట్టుదల. ఈ ఊరి మాట తనకు ఎంతవరకు వచ్చునో అతను ఆలోచించుకోలేదు.

ఆ రోజు మూడు ముక్కలు వచ్చాయి. మొదటిదాన్ని చూసి గవర్రాజు 'ఎర్రబడింది' అని రాశాడు. రెండోదాన్ని నిలువునా చీల్చి, లోపల తెల్లటి దారప్పోగులా మెలికలు తిరిగినదాన్ని పట్టకారుతో ఎత్తి 'నులిపురుగు' అని రాశాడు. మూడోది నల్లగా, మెత్తగా, నీచుకంపుతో పళ్ళెంలో సాగిలబడింది. కౌస్తుభ చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని తెర మీద గీతనే చూస్తున్నాడు. గీత సరళరేఖ. చప్పుడు లేదు.

గవర్రాజు రాశాడు: 'నిండుకుంది.'

మందాకిని మూతి విరిచింది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు గవర్రాజు గారూ. కుళ్ళి చచ్చిందని రాయడానికి చెయ్యి రాదా?"

"ఆయ్, రాదండి డాక్టరమ్మగారూ. ఆ మనిషింకా మంచం మీదున్నాడు కదండీ. చచ్చిందని రాస్తే ఆయనకి తగులుద్దండి."

"చచ్చింది ముక్క. మనిషి కాదు."

"మరేనండి. అందుకే నిండుకుందన్నాను."

ఆ పరిశోధనాలయంలో ఆ మాట తెలియనివాళ్ళు ఉంటారని మందాకిని అనుకోలేదు. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. లేదు అనడానికి నోరు రాని జాతి, లేమికి నిండుతనమని పేరు పెట్టి బొట్టు పెట్టి కూర్చోబెట్టే జాతి అని మందాకిని తనలో తాను ఈసడించుకుంది. కౌస్తుభ ఇయర్‌ఫోన్లు తీసి, రిజిస్టరు ఫొటో తీసుకుని, "భలే మాటండీ గవర్రాజు గారూ," అని వెళ్ళిపోయాడు.

మార్చిలో గవర్రాజు పదవీ విరమణ చేశాడు. ఏప్రిల్లో కౌస్తుభ దగ్గరనుంచి మందాకిని బల్ల మీదకు ఒక కాగితం వచ్చింది. రిజిస్టరులోని ఇరవై రెండు మాటలు, వాటి ఎదురుగా తెర మీద కనబడవలసిన మాటలు. పైన చేతిరాత: 'వదినా, ఒక్కసారి చూసి సంతకం పెట్టవా? తెలుగులో నా మీద నాకు నమ్మకం లేదు.'

ఆమె అలవాటైన ఏవగింపుతోనే చదవడం మొదలుపెట్టింది. పదిహేడో మాట దగ్గర కళ్ళు ఆగాయి.

నిండుకుంది: వాపు నిండి పూర్తయినది. చప్పుడు ఉండదు. తెర మీద: మానింది.

మందాకిని నవ్వింది. పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదలు కావచ్చు. అటెండరు తలుపు తోసి చూసి, మళ్ళీ మూసేశాడు. అటు అర్థం ఇటు, ఇటు అర్థం అటు! చదువు వెయ్యి మైళ్ళు తిరిగివచ్చి, వంటింటి గడప దగ్గర బోర్లా పడింది. పై ప్రపంచపు బిరుదులన్నీ మోసుకొచ్చిన మరిదికి పక్కింటావిడ చేట పట్టుకుని చెప్పే మాట తెలియదు.

ఎర్ర కలం తీసింది. మూత విప్పింది. మళ్ళీ పెట్టేసింది.

ఆవిష్కరణ సభ జూలైలో. మంత్రులు వస్తారు, దండలు వస్తాయి, దీపం వెలుగుతుంది. నల్లగా కుళ్ళిన ముక్కను పళ్ళెంలో పెట్టి గింజ తాకిస్తారు. ముందు వరుస ముక్కులు మూసుకుంటుంది. తెర మీద గజమంత అక్షరాలతో వెలుగుతుంది: మానింది. సభలో ఎవరో ఒకరు ఫక్కున నవ్వుతారు. అప్పుడు కౌస్తుభ ముఖం చూడాలి. ఆ ఒక్క దృశ్యం కోసం మూడు నెలలు ఆగవచ్చు. రోగుల దాకా వెళ్ళేది సభ తరవాతే కదా, అక్కడే తేలిపోతుంది, అప్పుడే దిద్దుకుంటాడు, జన్మలో మరిచిపోడు.

నీలం కలంతో కాగితం అడుగున రాసింది: 'చూశాను. మందాకిని.'

ఆ సాయంత్రం ఇంట్లో భర్త విశ్వపతి వంటింట్లో డబ్బాలు తడుముతూ ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు మాస్టారు. అందరితోనూ సరే అనే మనిషి. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన కాదన్న సందర్భం మందాకినికి గుర్తులేదు. మొదట్లో అది మంచితనం అనుకుంది. తరవాత అనుకోవడం మానేసింది.

"మందా, కందిపప్పు నిండుకుంది. పెసరపప్పు వేసెయ్యనా?"

ఆమెకు మళ్ళీ నవ్వు వచ్చింది.

"ఏవిటోయ్ అంత నవ్వు?"

"ఏం లేదండీ. మీ తమ్ముడు గుర్తొచ్చాడు."

చెబుదామనుకుంది. చెబితే మరుక్షణం తమ్ముడికి ఫోను చేసేస్తాడు. ఆయన కడుపులో మాట దాగదు. పెసరపప్పే వెయ్యమంది.

తరవాతి నెలలు ఆమె తన గదిలో తాను ఉంది. సమావేశాలకు వెళ్ళలేదు, అక్కడ మాట్లాడేవాళ్ళ మొహాలు ఆమెకు పడవు. సర్క్యులర్లు వస్తే మైక్రోస్కోపు పెట్టె కింద పెట్టేది, చదవకుండా. వాటిలో ఒకదానిలో, సభ వాయిదా పడిందనీ, అనుమతి ముందే వచ్చింది గనుక రోగుల మీద పరిశీలన మే నెల పదో తేదీనుంచే మొదలవుతుందనీ ఉంది.

జూన్ మధ్యలో ఒక బుధవారం సాయంత్రం విశ్వపతి కాలేజీనుంచి వంగి నడుస్తూ వచ్చాడు.

"బొడ్డు చుట్టూ ఏదో తీపుగా ఉంది మందా."

"నిన్న పనసపొట్టు కూర మూడు మార్లు వడ్డించుకున్నారు. తీపు కాక చేదు ఉంటుందా?"

"అంతేనంటావా?"

"ముక్కలు చూసే డాక్టరుని నేను. ముక్కలై వస్తే చూస్తాను. వాము నమిలి పడుకోండి."

ఆయన నవ్వాడు. వాము నమిలాడు. గురువారం పొద్దున్నే ఆమె విశాఖలో సదస్సుకు రైలెక్కింది. ఆయన గేటు దాకా వచ్చి సాగనంపాడు, కుడి చెయ్యి పొట్టకు ఆనించుకుని.

సదస్సులో ఆ రోజంతా ఆమె ఇతరుల స్లైడ్లలో తప్పులు లెక్కపెట్టింది. శుక్రవారం పదకొండింటికి కాకినాడ స్టేషనులో దిగుతుంటే ఫోను మోగింది. కౌస్తుభ.

"వదినా, కంగారు పడకు. అన్నయ్యకి ఇరవై నాలుగ్గంటల నొప్పి వచ్చింది. నిన్న పొద్దున్నే నా దగ్గరికి వచ్చేశాడు. నీకు చెప్పొద్దన్నాడు, నువ్వు వెక్కిరిస్తావని. గింజ ఇచ్చాం. చీము సూక్ష్మజీవి అని చెప్పింది. మందు ఎక్కించాం. ఈ పొద్దున నొప్పి పోయింది. గింజ కూడా అదే చెబుతోంది. మధ్యాహ్నం ఇంటికి పంపేస్తున్నాం."

"గింజ రోగులకు ఎప్పటినుంచి ఇస్తున్నారు?"

"ఐదు వారాలైంది కదా. సర్క్యులర్ వచ్చింది నీకు."

ఆటోలో ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆటో డ్రైవరు అద్దంలో చూసి ఏదో అడిగాడు. ఆమె వేళ్ళ మీద గంటలు లెక్కపెడుతోంది.

వార్డులో విశ్వపతి దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదుట చెమట. పెదవుల మీద ఆ పాత సరే నవ్వు.

"వచ్చేశావా? ముక్క అవసరం పడలేదోయ్ నీకు. పొద్దున ఆరింటికి నొప్పి టక్కున పోయింది. ఎవరో స్విచ్చి కట్టేసినట్టు."

మంచం తల దగ్గర తెర. అందులో రెండు వరుసలు. క్రిమి: చీము పట్టించేది. గోడ: మానింది.

ఆ మాట చక్కటి గుండ్రటి అక్షరాల్లో, పచ్చరంగులో ఉంది.

మందాకిని చెయ్యి ఆయన పొట్ట మీద ఆనింది. పొట్ట బల్లచెక్కలా ఉంది. నాడి పట్టుకుంది, వేళ్ళ కింద అది పిట్టలా కొట్టుకుంటోంది. అపెండిక్స్ నొప్పిని ఇరవై నాలుగు గంటల నొప్పి అని జనం ఊరికే అనలేదు. ఆ గంటలు దాటాక హఠాత్తుగా ఆగిపోయే నొప్పి తగ్గిన నొప్పి కాదు. నొప్పి చెప్పవలసిన నరమే చచ్చిపోయి ఉంటుంది.

"ప్రభుదాస్ గారిని పిలవండి," అంది. "ఆపరేషను గది సిద్ధం చెయ్యమనండి."

సర్జన్ ప్రభుదాస్ వచ్చాడు. కౌస్తుభ కూడా వచ్చాడు, చేతిలో ఇంటికి పంపే కాగితంతో.

"వదినా, తెర చూశావా?"

"చూశాను."

"నొప్పి లేదు, చప్పుడు లేదు. నీకు గింజ మీద చిన్నచూపు ఉంటే ఉండనీ, కాని అన్నయ్య కడుపు కోసి దాన్ని నిరూపించుకుంటావా?"

"చప్పుడు ఎందుకు లేదో తెలుసా?"

"మానింది కాబట్టి."

"గవర్రాజు గారి మాట నిండుకుంది. నిండుకుందంటే మానిందని కాదు కౌస్తుభా. అయిపోయిందని. బియ్యం నిండుకున్నాయంటే డబ్బా ఖాళీ అని. నీ గింజ పద్నాలుగు వందల ముక్కల్లో ఏ ముక్క చచ్చిందో ఆ ముక్కకల్లా మానిందని నేర్చుకుంది. అది చక్కగానే వింటోంది. మీ అన్నయ్య లోపల పేగు చచ్చిపోయింది."

మంచం పక్కన నర్సు చెయ్యి గుండెలకు ఆనించుకుంది. రోగి ఎదుట ఆ మాట అనకూడదు. విశ్వపతి ఒకసారి భార్యను, ఒకసారి తమ్ముణ్ణి చూశాడు.

"సరే," అన్నాడు.

ప్రభుదాస్ తెర వైపు చూడనే లేదు. పొట్ట నొక్కి, వదిలి, "పదండి," అన్నాడు.

పొట్ట తెరిచేసరికి ఒక గిన్నెడు చీము వచ్చింది. అపెండిక్స్ మొదలు ఎర్రగా, నడుమ ఊదాగా, కొన నల్లగా ఉంది; కొనన కందిగింజ పట్టేంత రంధ్రం. కడిగారు, గొట్టం పెట్టారు, కుట్టారు. "ఇంకో పూట ఆలస్యమైతే నాకు చేసే పనేమీ మిగిలేది కాదు," అన్నాడు ప్రభుదాస్. బతుకుతాడని అప్పుడే అనలేదు. ఐదో రోజున అన్నాడు.

ముక్క మందాకిని బల్ల మీదకు వచ్చింది. గవర్రాజు స్థానంలో ఎవరూ చేరలేదు. తనే కోసింది, తనే మైనంలో ఉంచింది, తనే రంగు వేసింది. మర్నాడు కటకం కింద పెట్టి చూసింది. లోపలి పొర లేదు. గ్రంథులుండవలసిన చోట వాటి నీడలున్నాయి. కండరపు పొరలోకి తెల్లకణాలు చీమల బారుల్లా దిగబడి, దిగిన చోటనే చచ్చిపడి ఉన్నాయి. నెత్తురు నాళాలన్నీ బిరడా పెట్టినట్టు మూసుకుపోయాయి. ఇలాంటివి ఆమె వేలు చూసింది. వాటి యజమానుల ముఖాలు ఎన్నడూ చూడలేదు. కటకం తిప్పుతూనే ఉంది, ఎంత తిప్పినా బొమ్మ కుదురుకోలేదు. కటకంలో ఏ లోపమూ లేదు.

కౌస్తుభ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు రోజుల గడ్డం. ఇస్త్రీ చెదిరిన చొక్కా.

"ఇంకెంతమందికి వచ్చింది ఆ మాట?" అంది, తలెత్తకుండా.

"ముగ్గురికి. ఇద్దరు నొప్పి మళ్ళీ మొదలై ఇంకో ఆసుపత్రికి పోయారట, అక్కడ కోశారు, బతికారు. మూడో మనిషి ఉప్పాడ. నూకరత్నం. నేత పని. ఫోను చేశాను." అతను తలుపు గడియను తిప్పాడు. "పోయి ఇరవై రోజులైందట."

బయట అంబులెన్సు ఒకటి వెనక్కు నడుస్తూ కూత పెట్టి ఆగింది.

"పొరపాటు మిషనుది అందాం వదినా. డైరెక్టరు గారు కూడా అలాగే రాయమన్నారు. మిషనుకి ఉరిశిక్ష పడదు కదా." నవ్వబోయాడు, కుదరలేదు. జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై రెండు మాటలు. అడుగున నీలం సంతకం. "ఇది ఎవరికీ చూపించలేదు. ఇందులో తప్పు ముందు నాది. తెలియని మాటకి అర్థం రాసుకున్నాను. నీకు వంద పనులు. పదిహేడో లైను నీ కంటపడలేదు, అంతే. దీన్ని నేను చింపేస్తాను."

ఇన్నాళ్ళూ మందాకిని ఇతన్ని మూర్ఖుడని అనుకుంది. ఇప్పుడూ మూర్ఖుడే. తన మీద ఇంత మంచి అభిప్రాయం పెట్టుకున్నవాడు మూర్ఖుడు కాక మరేమిటి.

"చింపకు," అంది. "నేను ఉప్పాడ వెళ్ళాలి."

"నేనూ వస్తాను."

"వద్దు. నువ్వు వస్తే క్షమించమంటావు."

ఉప్పాడ దారి పొడుగునా సముద్రం రోడ్డును కొరికి పెట్టింది. అలవాటుగా ఆమె రోడ్డు వేసినవాళ్ళను తిట్టుకోవడానికి ప్రయత్నించింది. రాళ్ళు పోసి సముద్రాన్ని ఆపుదామనుకున్నవాళ్ళను వెటకారం చెయ్యడానికి ప్రయత్నించింది. మాటలు వచ్చాయి కాని వాటిలో పదును లేదు. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు.

గుంటమగ్గం ఇంటి ముందు గదిలోనే ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర, అంచున జాందానీ నెమళ్ళు. ఒకవైపు నెమలికి తల వచ్చింది, రెండోవైపు దానికి కాళ్ళే వచ్చాయి. నూకరత్నం భర్త సత్తిబాబు మగ్గం గుంటలో ఒకవైపు కూర్చుని ఉన్నాడు. నలభై ఉంటాయేమో. పని చెయ్యడం లేదు.

"ఇది ఇద్దరు నేసే చీరండి," అన్నాడు, ఆమె చూపు చూసి. "నా వైపు నేను నేసేత్తే వంకర వచ్చేద్ది. కూర్చోండి. మీరు ఆసుపత్రి నుంచి అన్నారు."

పీట వాల్చాడు. మందాకిని కూర్చోలేదు. తరవాత కూర్చుంది.

"నా పేరు మందాకిని. మీ ఆవిడకి గింజ ఇచ్చిన చోట పనిచేస్తాను."

"ఆయ్. మంచిగానే చూసేరండి. గింజ ఇంత చిన్నది, మింగడం కట్టవేం కాలేదంది. తెర మీద మానిందని పచ్చటచ్చరాల్తో వచ్చిందంటండి. తనే చదువుకుని నాకు ఫోను చేసింది. తొమ్మిది దాకా చదివిందిలెండి, నాకే రాదు. ఇంటికొచ్చి మగ్గం కూడా ఎక్కింది. ఆ చేత్తో నేసిందేనండి ఆ నెమలి." వేలితో చూపించలేదు, గడ్డంతో చూపించాడు. "మర్నాడు ఒళ్ళు కాలిపోయింది. బండి కట్టించేసరికి దారిలోనే."

"ఆ తెర మీద వచ్చిన మాట తప్పు."

సత్తిబాబు తల పైకెత్తాడు.

ఆమె చెప్పింది. ముక్కల రిజిస్టరు గురించి, అందులో మాటల గురించి, ఆ మాటలకు ఎదురుగా రాసిన మాటల గురించి, పదిహేడో మాట గురించి. ఆ కాగితాన్ని సరిచూసి సంతకం పెట్టవలసినది తానేననీ, పెట్టింది తానేననీ చెప్పింది. ప్రతి వాక్యం చిన్నదిగా, పొడిగా, సూటిగా చెప్పింది.

అతను మగ్గపు కర్రను బొటనవేలితో రుద్దాడు.

"కంటికి ఆనలేదాండీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "పని మీద పని ఉంటే మాకూ పోగు తప్పిపోద్దండి. ఎంత చూసినా ఆనదు. చీరంతా అయ్యాక కనబడుద్ది."

అది తెరిచిన తలుపు. అంతకు ముందు రోజు కౌస్తుభ తెరిచిన తలుపే. తల వంచి అందులోంచి నడిచిపోవచ్చు. వార్డుకు వెళ్ళవచ్చు, భర్త మంచం పక్కన కూర్చోవచ్చు.

"ఆనింది," అంది మందాకిని. "చూశాను. తప్పని తెలుసు. నవ్వు వచ్చింది. నవ్వుకుని సంతకం పెట్టాను."

లోపలి గదిలో ఎవరో పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది. సత్తిబాబు ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడానికి చెయ్యి లేచింది. దాన్ని ఒళ్ళోనే పట్టి ఉంచింది.

"నవ్వెందుకు వచ్చిందండీ?"

తెలుసుకోవడానికే అడిగాడు. అర్థం కాని సంగతి అడిగినట్టు అడిగాడు.

ఆమెకు వివరించవలసి వచ్చింది. నిండుకుందనే మాట గవర్రాజు ఎందుకు రాశాడో చెప్పింది. మరిది ఆ మాటను ఎలా అర్థం చేసుకున్నాడో చెప్పింది. అతను చిన్నప్పుడే దూరం వెళ్ళి చదువుకున్నాడనీ, పెద్ద చదువులు చదివి కూడా వంటింటి మాట తెలియలేదనీ, లేదన్న అర్థం ఉన్న మాటకు బాగైపోయిందన్న అర్థం రాశాడనీ, సభలో అందరి ఎదుట అది బయటపడితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాననీ చెప్పింది. పాఠం చెబుతున్నట్టు మొదటి నుంచి చివరి దాకా వదలకుండా చెప్పింది. చెబుతున్నకొద్దీ ఒక్కొక్క వాక్యమూ గాజుపలక మీద ముక్కలా విడివిడిగా, రంగు తేలి, కనబడింది.

సత్తిబాబు పూర్తిగా విన్నాడు. మధ్యలో ఒకసారి తలూపాడు కూడా, ఆ మాట తమ ఇంట్లోనూ అలాగే అంటారన్నట్టు. చివర ఇంకా ఏదో రావలసి ఉందని కాసేపు ఎదురుచూశాడు.

"ఇందులో నవ్వెక్కడుందండీ?" అన్నాడు.

మందాకిని వెతికింది.